చెట్టుకు కట్టిన దూది

బీజాన్ ఇంటి పంచలో, చూరుకు కొట్టిన మేకు నుంచి నిమ్మకాయంత దూది ఉండ ఒకటి దారానికి వేలాడుతూ ఉంటుంది. కొత్తగా పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు దాన్ని దిష్టికి కట్టిందనుకుంటారు. బీజాన్ అవుననదు, కాదనదు. పొద్దున లేవగానే ముందు దాన్ని చూస్తుంది, ఆ తర్వాతే మొహం కడుక్కుంటుంది. దూది రంగు బాగా మారిన రోజున లోపలికి తొంగిచూసి, మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్న భర్తతో, "ఈపొద్దు వాకిట్లోకి రాబాకయ్యా" అంటుంది. మీరావలి సరేనన్నట్టు తల ఊపుతాడు. మాటలకు ఖర్చయ్యే ఊపిరిని ఆయన ఇప్పుడు దాచుకుంటున్నాడు.

చిల్లకూరు దగ్గర హైవేను ఆనుకుని ఉన్న ఆ వీధిని పరుపులోళ్ల వీధి అంటారు. ఉన్నవి దూదేకుల కుటుంబాలు కొన్ని, మిగతావాళ్లు కొందరు. ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ దూదేకే విల్లు ఉండేది. మనిషి ఎత్తున్న ఆ విల్లును దూలానికి వేలాడదీసి, నారి మీద కొయ్య సుత్తితో కొడుతుంటే దూది విడివిడిగా రేగి, గదంతా మబ్బు కమ్మినట్టు అయ్యేది. మీరావలి తన చిన్నతనం నుంచి ఆ మబ్బులోనే బతికాడు. బీజాన్ పెళ్లయి వచ్చిన కొత్తలో పని ముగించుకుని బయటికి వచ్చే మొగుణ్ణి చూసి నవ్వు ఆపుకోలేకపోయేదట. "కనుబొమ్మలు, మీసాలు అన్నీ తెల్లగా ఉండేవి. చూడబోతే మా మామకే మామ మాదిరి ఉండేవాడు" అని ఇప్పటికీ చెబుతుంది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. లోపల్నుంచి దగ్గు వినపడితే ఒకసారి అటు చూస్తుంది. వినపడకపోతే రెండుసార్లు చూస్తుంది.

విల్లు పోయి మిషను వచ్చింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో కొడుకు అర్మాన్ ఇప్పుడు మిషను మీద దూది ఏకుతాడు, బీజాన్ పంచలో కూర్చుని పరుపులు, దిండ్లు కుడుతుంది. మారనిది ఒకటే. ఊళ్లో ఎవరింట్లో చావు జరిగినా ముందు ఈ వీధికే మనిషిని పంపుతారు. పోయినవాళ్ల ముక్కుల్లో పెట్టడానికి దూది కావాలి. ఏ మతం వాళ్లయినా, ఏ కులం వాళ్లయినా ఆ పిడికెడు దూదికి ఇక్కడ డబ్బు తీసుకోరు. బీజాన్ అత్తగారు దానికోసమని ఒక మూత ఉన్న మట్టి కుండలో అన్నిటికన్నా తెల్లటి దూది విడిగా దాచేది. ఆమె పోయాక ఆ కుండ బీజాన్ చేతికి వచ్చింది.

హైవేను వెడల్పు చేసినప్పుడు రోడ్డు పక్క చింతచెట్లన్నీ పోయాయి. తర్వాత చాలా ఏళ్లు వీధికీ లారీలకీ మధ్య అడ్డమంటూ ఏదీ లేదు. సముద్రం వైపు నుంచి తెల్ల ఇసుక మోసుకొచ్చే లారీలు, కరెంటు కేంద్రాల బూడిద లారీలు, పైన పట్టా సరిగా కప్పకుండా దూసుకుపోయేవి. అప్పుడే పంచాయతీవాళ్లు సర్వీసు రోడ్డుకీ వీధికీ మధ్య మిగిలిన సన్నటి జాగాలో రెండు వరుసల కోనోకార్పస్ మొక్కలు నాటి, రెండు సిమెంటు బెంచీలు వేసి, ఒక బోర్డు పెట్టారు. బోర్డు మీద పార్కు అని రాసి ఉంది కాబట్టి అది పార్కు అయింది. చెట్టు పేరు ఎవరికీ నోరు తిరగక పార్కుచెట్లన్నారు.

వాటికి నీళ్లు పోసినవాడు పంచాయతీ ట్యాంకరు నడిపే గిద్యోను. మొక్కలు నాటిన మొదటి ఎండాకాలమంతా అతను పైపు పట్టుకుని నిలబడి ప్రతి మొక్కతోనూ మాట్లాడేవాడని వీధంతా నవ్వేది. ఆ చెట్లు చూస్తుండగానే ఎదిగాయి. కొన్నేళ్లకే ఆకుపచ్చ గోడలా నిలబడ్డాయి. లారీల మోత కూడా దూరం జరిగినట్టు అనిపించింది. చెంచమ్మ తన ఇడ్లీ బండిని రోడ్డు అంచు నుంచి తెచ్చి ఆ నీడలో పెట్టుకుంది. పిల్లలు అక్కడే ఆడుకున్నారు. మధ్యాహ్నం వీధిలో చెప్పులు లేకుండా నడవగలిగారు.

మీరావలికి ఆయాసం అప్పటికే మొదలైంది. గూడూరు డాక్టరమ్మ చూసి, దూది దగ్గరికి ఇక వెళ్లొద్దనీ, పొద్దునా సాయంత్రం చెట్ల కింద మెల్లగా నడవమనీ చెప్పింది. ఆయన బుద్ధిగా నడిచేవాడు. పార్కు ఈ చివర మొదలుపెట్టి ఆ చివర బెంచీ మీద కూర్చుని, చెంచమ్మ ఇచ్చిన టీ తాగి, తిరిగి వచ్చేవాడు.

"ఏం మీరావలన్నా, పెళ్లికొడుకు నడక నడుస్తుండావే?" అనేది చెంచమ్మ.

"ఈ చివర ఊపిరి తీసుకుంటే ఆ చివర్లో వదులుతుండా. నువ్వు మధ్యలో మాట్లాడించబాక" అనేవాడు ఆయన.

అలా మూడేళ్లు బాగానే గడిచాయి. బీజాన్ ఆ మూడేళ్ల గురించి చెప్పేటప్పుడు సూది చేతిలో పట్టుకుని కుట్టడం మరిచిపోతుంది.

నాలుగో ఏడు చలికాలంలో ఆయాసం ముదిరింది. రాత్రిళ్లు పడుకోలేక కూర్చునేవాడు. ఛాతీలో పిల్లికూతల్లాంటి చప్పుడు. బీజాన్ వీపు నిమురుతూ తెల్లవార్లూ పక్కనే కూర్చునేది. సరిగ్గా ఆ రోజుల్లోనే పార్కుచెట్లు పూతకు వచ్చాయి. అప్పుడే అర్మాన్ ఫోన్‌కి ఎవరో ఒక వీడియో పంపారు.

"అమ్మా, ఇది చూడుమే. నాయనకి ఆయాసం ఎందుకొచ్చిందో తెలిసిపోయింది. ఈ చెట్టేనంట. దీని గాలి తగిలితే ఊపిరితిత్తులు పాడైపోతాయంట. శానా ఊళ్లలో కొట్టేస్తుండారంట."

పరుపు అంచు కుట్టించుకోవడానికి వచ్చి కూర్చున్న చెంచమ్మ వింటూ ఉంది. "ఒరే అర్మానూ, మొన్న నీ ఫోన్లోనే కదరా మెంతులు నానబెట్టుకుని తాగితే బట్టతల మీద జుట్టు మొలుస్తాదని వచ్చింది? మొలిచిందా మీ మామకి?"

"ఇది అట్టాంటిది కాదక్కా. డాక్టరే చెప్తుండాడు."

"డాక్టరని నీకెట్ట తెలుసు?"

"తెల్లకోటు ఏసుకోనుండాడు కదా."

"తెల్లకోటు నేనేసుకున్నా డాక్టర్నే" అంది చెంచమ్మ.

బీజాన్ నవ్వలేదు. ఆ వీడియోను మళ్లీ పెట్టమంది. మూడోసారి కూడా చూసి, లేచి వెళ్లి దూది తెచ్చింది.

దూదేకులవాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. గదిలో చెమ్మ ఉందో లేదో తెలియకుండా దూది బస్తాలు అందులో వేయరు. ముందు ఒక చిన్న ఉండను గోడకు వేలాడదీసి రెండు మూడు రాత్రులు వదిలేస్తారు. తర్వాత దాన్ని వేళ్లతో నలిపి చూస్తారు. గోడ ఏం దాచినా దూది దాచదు. కంటికి కనిపించని చెమ్మ, బూజు అన్నీ దానికి తెలుస్తాయి. బీజాన్‌కు తెలిసిన పరీక్ష అదొక్కటే. ఆమె రెండు ఉండలు చేసింది. ఒకటి తీసుకెళ్లి పార్కుచెట్టు కొమ్మకు కట్టింది, రెండోది తన పంచలో మేకుకు. శుక్రవారం కట్టి, మళ్లీ శుక్రవారం విప్పింది.

చెట్టుకు కట్టింది పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడింది. పంచలోది మల్లెమొగ్గలా ఉంది.

"చూస్తివా?" అంది చెంచమ్మతో. రెండు అరచేతుల్లో రెండు ఉండలు పట్టుకుని. "చెట్టులోంచి ఏం రాలతా ఉండాదో చూస్తివా? ఈ విషం కింద మా ఆయన్ని నేనే రోజూ నడిపిస్తిని."

చెంచమ్మ నల్ల ఉండను వేలితో తాకి చూసింది. "నా బండి అన్నేళ్లుగా ఆ కిందే ఉండాది కదక్కా, నాకేం కాలేదే" అని మాత్రం అంది.

"నీకు రావాల్సింది నీకు వస్తాదిలే" అంది బీజాన్. అన్న తర్వాత బాధపడింది కానీ, మాట బయటికి వచ్చేసింది.

ఆ నెల గ్రామసభలో బీజాన్ లేచి నిలబడింది. అంతకుముందు ఎన్నడూ పదిమందిలో నోరు విప్పని మనిషి. ఎక్కువ మాట్లాడలేదు కూడా. ఒక చెయ్యి ఎత్తి నల్ల దూది చూపించింది, రెండో చెయ్యి ఎత్తి తెల్ల దూది చూపించింది. "దీంట్లో మా ఆయన ఊపిరుండాది, అయ్యా" అంది. చెట్ల గురించి అంతకుముందే సణుగుతున్నవాళ్లు ఉన్నారు. హైవే మీద పోయేవాళ్లకు తమ కొట్లు కనపడటం లేదని వాళ్ల బాధ. వాళ్లంతా ఆమెకు వంత పలికారు. చెట్లు కొట్టేయాలని తీర్మానం అయిపోయింది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది.

"అవి ఉండాయని కదమే నేను నడిచేది" అన్నాడు మీరావలి.

"పోతే ఎండలో నడుద్దువులే. బతికుంటే యాడైనా నడవొచ్చు."

"సరే, నీ ఇష్టం" అన్నాడాయన. కాపురం మొత్తంలో ఆయన ఆమె మాట కాదన్న సందర్భాలు చాలా తక్కువ. ఆ ఒక్కసారి కాదని ఉంటే బాగుండేదని బీజాన్ అనదు. అనబోయి ఊరుకుంటుంది.

రంపాలు పట్టుకుని వచ్చినవాళ్లలో గిద్యోను కూడా ఉన్నాడు. పంచాయతీ పని, తప్పదు. మొదటి చెట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాడు.

"బీజానక్కా, నేను నీళ్లు పోసి పెంచినాను వీటిని."

"మీ అన్న ఊపిరికన్నా ఎక్కువా గిద్యోనూ?"

అతను తల దించుకుని మిషను రంపం తాడు లాగాడు. సాయంత్రానికి ఒక వరుస, మర్నాటికి రెండో వరుస. కొట్టేసిన కొమ్మలు ఈడ్చుకుపోతుంటే వాటి ఆకుల మీంచి బూడిద రంగు పొడి లేచి మేఘంలా వీధిలోకి వచ్చింది. అందరూ ముక్కులు మూసుకున్నారు. "చూడండి ఎంత విషమో" అని ఎవరో అన్నారు. బీజాన్ కూడా అదే అనుకుంది. ఆ పొడి ఆకుల మీదికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పూట ఎవరూ ఆలోచించలేదు.

మొదటి రోజులు బాగున్నాయి. వీధి విశాలంగా, వెలుగ్గా అయింది. దూది తొందరగా ఎండింది. పూత లేదు, ఆకులు ఊడ్చే పని లేదు. చలికాలం వెనకబట్టి మీరావలి ఆయాసం కూడా కాస్త తగ్గింది. బీజాన్ మొక్కుకున్న దర్గాకు వెళ్లి చాదర కప్పి వచ్చింది.

ఎండలు ముదిరేసరికి మీరావలి నడక ఆగిపోయింది. పొద్దెక్కితే ఆ తారు సెగకు నిలబడలేకపోయాడు, పెందలాడే వెళ్తే లారీల దుమ్ము. చెంచమ్మ బండికి గొడుగు కట్టుకుంది. ఇడ్లీల మీద కప్పే తడిగుడ్డను రోజుకు నాలుగుసార్లు మార్చాల్సి వస్తోందని గొణిగింది. పిల్లలు వీధిలోకి రావడం మానేశారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు పడుకుని దగ్గడం గోడల అవతల నుంచి వినపడేది. బీజాన్ కుట్టిన తెల్లటి దిండు గలీబులు సాయంత్రానికి మాసినట్టు కనపడేవి. ఆమె సబ్బు మార్చింది. తర్వాత గుడ్డ అమ్మేవాణ్ణి తిట్టింది.

ఆ వేసవిలోనే వీధి చివర పద్మనాభయ్యగారి తల్లి పోయింది. ఆయన రైస్‌మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన పెద్దమనిషి. ఎవరినీ పంపకుండా తనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"బీజానమ్మా, అమ్మ పోయింది. కాస్త దూది కావాల."

"అయ్యో, ఎప్పుడయ్యా?" అంటూ బీజాన్ లోపలికి వెళ్లి కుండ మూత తీసింది. చెయ్యి పెట్టి పిడికెడు తీసి వెలుతురులోకి తెచ్చింది. తెచ్చి అలాగే నిలబడిపోయింది. దూది తెల్లగా లేదు. ఉతకని పంచెలా ఉంది. ఇంకాస్త లోతు నుంచి తీసింది. అదీ అంతే. మూసిన ఇల్లు, మూతపెట్టిన కుండ, అయినా సందుల్లోంచి దుమ్ము దూరి కూర్చుంది. అత్తగారి రోజుల నుంచి ఆ కుండలోంచి అటువంటి దూది ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

పద్మనాభయ్య బయట ఎదురుచూస్తున్నాడు. బీజాన్ తన దిండునే బ్లేడుతో చీల్చి, నడిమధ్యలో ఉన్న దూది లాగి, అది తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లకద్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె తిరిగి వచ్చి పంచలో మేకుకు ఒక ఉండ కట్టింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత విప్పితే అది చెట్టుకు కట్టినదానికన్నా నల్లగా ఉంది. వీధిలో చెట్టంటూ ఒక్కటి లేదు.

అసలు సంగతి ఆమెకు ఆ రోజు కూడా పూర్తిగా అర్థం కాలేదు. మర్నాడు బట్టలు ఉతికేటప్పుడు అర్థమైంది. అర్మాన్ షెడ్డులో దూది ఏకేటప్పుడు మూతికి కట్టుకునే గుడ్డ ఆమె చేతికి వచ్చింది. బయటి పక్కంతా దుమ్ము పట్టి గట్టిగా ఉంది. లోపలి పక్క తెల్లగా ఉంది. నలభై ఏళ్లుగా అటువంటి గుడ్డలు ఉతుకుతూనే ఉంది, మొదట మొగుడివి, తర్వాత కొడుకువి. సబ్బు రుద్దబోయి ఆగిపోయింది.

"గుడ్డ మురికైందని ఎవరన్నా గుడ్డను తిడతారా?" అని ఆమె ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా అడుగుతుంది. జవాబు కోసం కాదు. "ఉతుక్కుని మళ్లా కట్టుకుంటాం. అట్టాంటిది నేను వీధి మూతికున్న గుడ్డ ఊడబీకి పారేస్తిని. మురికిగా ఉండాదని."

ఆ వారం మీరావలిని గూడూరు తీసుకెళ్లినప్పుడు డాక్టరమ్మను అడిగింది. చెట్లు కొట్టించింది తానేనని కూడా చెప్పేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఆ చెట్టు పూత కొందరికి పడదమ్మా, అది నిజమే. పూతకు ముందు కొమ్మలు కత్తిరించి ఉంటే సరిపోయేది. లేదంటే వెనకాల వేప, కానుగ నాటి, అవి ఎదిగాక వీటిని తీసెయ్యొచ్చు. ఒక్కసారే తీసేస్తే ఆ రోడ్డు దుమ్మంతా ఎక్కడికి పోతుంది?" అంది. తర్వాత మీరావలి ఛాతీ విని, మందు మార్చి, బీజాన్‌ను మాత్రం పక్కకు పిలిచి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో బీజాన్ ఎవరికీ చెప్పలేదు. ఆ నెలలోనే మంచం పక్కకు ఆక్సిజన్ మిషను వచ్చింది. కరెంటు పోయిన ప్రతిసారీ ఆ ఇంట్లో అందరూ ఒక్కసారిగా లేచి నిలబడతారు.

వానలు మొదలయ్యాక గిద్యోను ట్యాంకరు వెనక వేప, కానుగ మొక్కలు పెట్టుకుని వచ్చాడు. బీజాన్ అడిగిందని తెచ్చాడు. పాత మాట ఎత్తకుండా గుంతలు తవ్వాడు.

"ఈసారి నీళ్లు నువ్వే పోయాలక్కా. నేను పోస్తే మళ్లా నాచేతే కొట్టిస్తావు."

"కొట్టు, నాయనా. నోటితో కాదు, చేత్తో కొట్టు నన్ను" అంది బీజాన్.

గిద్యోను నొచ్చుకున్నాడు. "ఊరికే అన్నానక్కా, గమ్మునుండు" అని తనే మొదటి మొక్కకు నీళ్లు పోశాడు.

మొక్కలు బతికాయి. పొద్దునా సాయంత్రం బీజాన్ బిందెతో నీళ్లు తెచ్చి పోస్తుంది. చిన్న చిన్న ఆకుల మీద పేరుకున్న దుమ్మును కొంగుతో తుడుస్తుంది. ఎదిగిన చెట్టయితే వానే కడిగేది. మంచం మీంచి కిటికీలో మీరావలి చూస్తూ ఉంటాడు.

"యాడిదాకా వచ్చినయ్?" అంటాడు.

"మోకాలి దాకా వచ్చినయ్."

"వాటికేం తొందరలేదులే" అని నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గులోకి జారి, ఆగడానికి చాలాసేపు పడుతుంది. చెట్టు ఎదగడానికి ఏళ్లు కావాలి. ఆయన దగ్గర ఎంత ఉందో డాక్టరమ్మకు తెలుసు, బీజాన్‌కు తెలుసు. ఆయనకు తెలియదని మాత్రం ఎవరూ అనుకోవడం లేదు.

మొన్న మాఘంలో గంగులయ్య వచ్చాడు. హైవేకు అవతలి పక్క వీధికి పెద్ద. ఆ వీధి ముందు కూడా అవే చెట్లు, అలాగే రెండు వరుసలు ఉన్నాయి. అతని వెనక నలుగురు కుర్రాళ్లు.

"బీజానక్కా, నీతో పని పడింది. మా వీధి చెట్లు కూడా తీయించాల. ఆఫీసర్లు నమ్మడంలేదు. అప్పుడు నువ్వు దూది చూపించి తీయించినావంట కదా. అట్టనే మాకు కూడా కట్టి చూపించు."

బీజాన్ సూదిని పరుపు అంచున గుచ్చి పెట్టింది. తాను చేసిన పరీక్ష తనకన్నా ముందే రోడ్డు దాటి వెళ్లిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ వీధిలోనూ ముసలివాళ్లు ఉన్నారు, పాకే పిల్లలు ఉన్నారు.

"వస్తాను" అంది. అర్మాన్ వద్దని సైగ చేశాడు. ఆమె చూడలేదు.

వెళ్లి ఒక ఉండ చెట్టుకు, ఒక ఉండ గంగులయ్య పంచలో కట్టింది. వారం తర్వాత వీధంతా పోగైంది. ఆమె రెండూ విప్పి అందరి ముందు పెట్టింది. ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా ఉంది. "ఇంకేం! తేలిపోయింది" అన్నారు కుర్రాళ్లు.

"నల్లదాన్ని చూడబాకండి" అంది బీజాన్. "తెల్లదాన్ని చూడండి. అది తెల్లగా ఎందుకుండాదో అడగండి."

తర్వాత కొంగు ముడి విప్పి మూడో ఉండ తీసింది. మసి ఉండలా ఉంది.

"ఇది నా పంచలోది. చెట్లు లేని పంచ. ఒకప్పుడు ఇది కూడా మీదాని మాదిరే తెల్లగా ఉండేది. నల్లదాన్ని చూసి నేను మోసపోయినా. తెల్లదాని పక్కకు చూడకపోతిని. పూత పడకపోతే కొమ్మలు కత్తిరించుకోండి, వెనకాల వేపమొక్కలు నాటుకోండి. అవి పెరిగేదాకా మాత్రం వీటి జోలికి పోబాకండి."

గంగులయ్య ఆ మసి ఉండను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. వెనకనుంచి ఒక కుర్రాడు, "అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. వీళ్లవి తీయించుకుని, మనం తీయించుకుంటామంటే కుళ్లు" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. గంగులయ్య వాళ్లను గదమాయించాడు. కానీ ఆమె వైపు తిరిగి, "చూద్దాంలే అక్కా" అని మాత్రమే అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చూసింది. కొట్టాల్సిన గుర్తుగా ప్రతి చెట్టు మొదలుకూ ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. రంగు ఇంకా ఆరలేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. మీరావలి మంచం అంచున ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం ఉంది.

"ఏమన్నారు?"

"చూద్దామన్నారు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "మన వీధిలో కూడా ఎవరో ఒకరు ఆ మాట అనుంటే..." అన్నాడు. తర్వాతి మాటకు ఊపిరి చాల్లేదు. బీజాన్ వీపు మీద చెయ్యి వేసి, లోపల గాలి ఎక్కుతూ దిగుతూ ఉండడాన్ని అరచేత్తో వింటూ నిలబడింది.

తర్వాత ఆమె వెనక గదిలోకి వెళ్లింది. తలుపులు మూసింది. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కింది. అటక మీంచి అత్తగారి నాటి విల్లు దించింది. మిషను దూదిలో ఎంతోకొంత నూనె మరక పడుతుంది. ఇది చేత్తోనే ఏకాలి. బస్తా నడుమ నుంచి దూది తీసి, గింజ ఏరి, నలక ఏరి, నారి కింద పరిచి సుత్తి ఎత్తింది. ఎన్నో ఏళ్లుగా ఆ వీధిలో వినపడని మోత, లారీల హోరు మధ్యనుంచి, మెల్లగా మొదలైంది.

పక్కనే మందంపాటి ప్లాస్టిక్ సంచులు రెండు, ఒకదానిలో ఒకటి పెట్టి ఉన్నాయి. ట్రంకు పెట్టె మూత తీసి ఉంది. పోయినవాళ్ల కోసం దూది దాచే మట్టి కుండను ఆమె ఇక నమ్మడం లేదు.

మోత ఆగినప్పుడు అవతలి గదిలోంచి మీరావలి గొంతు వినపడింది.

"ఎవరికమే, ఇంతపొద్దుపోయినాక?"

"ఎవరికో" అంది బీజాన్.

ఆక్సిజన్ మిషను శబ్దం ఆగకుండా వస్తోంది. తర్వాత ఆయనే మళ్లీ, ఒక్కో మాటకూ ఆగుతూ, "తెల్లగా రానీ" అన్నాడు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకోబోయి, కొంగు మీద దుమ్ము ఉందని గుర్తొచ్చి మానేసింది. మళ్లీ సుత్తి ఎత్తి నారి మీద కొట్టింది.